స్టోర్ కీపరు కార్డులు

ఆయన పోయారని నర్సమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "ఆ కార్డులు ఎవరికి అప్పగించి వెళ్ళారు?" అని. ఎప్పుడు పోయారని అడగలేదు, ఎలా పోయారని అడగలేదు. "మీ పేరున ఒకటి ఉంచారు సార్. ఒకసారి వచ్చి తీసుకెళ్ళండి" అంది. ఫోన్ పెట్టేశాక నాకు కలిగింది సంతోషమని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాని అదే కలిగింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ నేనాయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమయ్యా స్టోర్ కీపరూ" అనేవాణ్ణి. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, అయినా 'నువ్వు' అనే అనేవాణ్ణి. పోయాక 'ఆయన' అంటున్నాను. నా మర్యాద అంతా ఇలాంటిదే, మనిషి వెళ్ళిపోయాక వస్తుంది.

ఆయన సిల్తారాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. నేను రాయపూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిషు లెక్చరర్ని. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె, చదివింది పదో తరగతి. నాది కాకినాడ, ఇంగ్లిషు ఎమ్మే. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

ఉద్యోగంలో చేరినప్పుడు చేతికిచ్చిన కాగితంలో ఆయన హోదా ఇంగ్లిషులో రాసి ఉందట. స్టోర్ అంటే తెలుసు. 'కీపర్' అంటే ఏం చెయ్యాలని మేనేజర్ని అడిగితే, "జో కీప్ కర్తా హై, ఔర్ క్యా", కీప్ చేసేవాడే, ఇంకేముంది, అని ఆ మహానుభావుడు ఫైల్లోకి తల దూర్చేశాడట. "మరి కీప్ అంటే ఏటి మాస్టారూ? ఏటి సెయ్యాలో తెలీకుండా జీతం తీసుకోడం నాకు నచ్చలేదు" అని చెప్పేవారు నాతో. ఇంకెవరైనా అయితే నిఘంటువు చూసి ఊరుకుందురు. ఈయన ఆ ఒక్క క్రియాపదం పట్టుకుని పన్నెండేళ్ళు తిరిగారు.

తిరిగిన పద్ధతి కూడా స్టోరు పద్ధతే. ఫ్యాక్టరీ స్టోరులో ప్రతి సరుకుకీ ఒక అట్టముక్క వేలాడుతుంది. బిన్ కార్డు అంటారు. బేరింగులైనా, బోల్టులైనా, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి, ఎలా ఉన్నాయి, అన్నీ దాని మీద ఉండాలి. పాతబడి పారేసే కార్డుల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, ఆ వెనకవైపున ఆయన 'కీప్' రాసుకునేవారు. ఎవరి నోట విన్నారో వాళ్ళ పేరు. వాళ్ళు ఎవరితో అన్నారో ఆ పేరు. అన్న మాట యథాతథంగా. అడుగున 'రిమార్కు'.

కొత్త సరుకు రాగానే అరలో పెట్టరు. ముందు ఇన్‌స్పెక్షన్. ఇంజనీరు వచ్చి కొలిచి, వాడి చూసి, సరే అన్నాకే అరలోకి పోతుంది. అందాకా ఓ మూల బల్ల మీద పడి ఉంటుంది. ఆయన మాటలకీ ఇదే చేసేవారు. ఎవరైనా ఏదైనా అంటే కార్డు మీద 'ఇన్‌స్పెక్షన్' అని పెన్సిల్తో రాసి విడిగా పెట్టేవారు. ఆ మనిషి ఆ మాట నిజంగా వాడాడా, ఆ పని నిజంగా జరిగిందా అని తేలాక ఇంకుతో 'పక్కా' అని రాసేవారు. తేలకపోతే అది ఆ బల్ల మీదే ఏళ్ళ తరబడి ఉండిపోయేది.

పెన్సిలు చొక్కా గుండీకి దారంతో కట్టి ఉండేది. ఎక్కడ కూర్చోబోయినా జేబులోంచి కాటన్ వేస్టు ముక్క తీసి ముందు కుర్చీ తుడిచేవారు, అది మా ఇంట్లో కుర్చీ అయినా సరే. సిల్తారా దుమ్ము ఆయన చెవుల మడతల్లోంచి ఎప్పటికీ పోయేది కాదు. ఎవరైనా మంచి మాట అంటే కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ మూడుసార్లు లోపల అనుకునేవారు. చూసేవాళ్ళకి జపం చేస్తున్నట్టుండేది. తరవాత కళ్ళు తెరిచి, "ఎవుల్తో అన్నారు? ఎప్పుడన్నారు?" అని పోలీసులా అడిగేవారు.

ఆ కార్డుల్లో ఎవరు లేరని! సైటు మీద క్రేన్ కింద నిలబడే ఛత్తీస్‌గఢీ కూలీ "హట్, కీప్ క్లియర్!" అని అరిచినందుకు అతనికో కార్డు. ధర్సీవా బస్సు కండక్టరు చిల్లర లేదని "కీప్ కర్ లో భయ్యా" అని టిక్కెట్టు వెనక రాసిచ్చినందుకు అతనికొకటి. గల్లీలో క్రికెట్ ఆడే పిల్లలకి నాలుగు. జబ్బు మనిషిని చూపించి డాక్టరుతో "కీప్‌లో పెడదామా సార్, అబ్జర్వేషన్‌కి" అన్న నర్సమ్మకి ఆరు. ఈ నర్సమ్మే ఆయన గది పక్క గదిలో ఉండేది. భీమవరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, పెళ్ళి చేసుకోలేదు, ఆస్పత్రే ఇల్లు. ఫోన్ చేసింది ఆవిడే.

అన్నిటికంటే ఎక్కువ కార్డులు ఎవరికో తెలుసా? మా ఆవిడకి. పదకొండు.

మా ఆవిడ సాయంత్రాలు వరండాలో చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్పేది. చదువు ఇంటరుతో సరి. నోరు తెరిస్తే, "కీప్ క్వైట్!", "చెప్పులు బయట కీప్ చెయ్యండర్రా", "ఒరే, వాడి పెన్సిలు నువ్వెందుకు కీప్ చేసుకున్నావు?". ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన వరండాలో ఓ పక్కన కూర్చుని ఇవన్నీ ఏరుకునేవారు. ఆవిడ నవ్వి, "అన్నయ్యగారూ, ఇది కూడా రాస్తారా?" అనేది. "సెల్లెమ్మా, ఇది ఏక్ నంబర్ మాలు" అనేవారు ఆయన. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంగ్లిషు గురించి ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఆయన అడిగితే మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నిలబడి చెప్పేది. అతిథులకని దాచిన స్టీలు గ్లాసులో ఆయనకి కాఫీ వచ్చేది. నాకు వచ్చేది సొట్టబోయిన పాత గ్లాసులో. నేను ఇదంతా చూస్తూ పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

ఆదివారాలు ఆయన మా ఇంటికి వచ్చింది నా కోసం కూడా కాదు, నా నిఘంటువు కోసం. అటక మీద పడి ఉన్న పెద్ద నిఘంటువు అది. కాలేజీ లైబ్రరీ పాతవి అమ్మేస్తుంటే కొన్నాను. నేను దాన్ని తెరిచింది నా పేరు రాసుకోవడానికి మాత్రమే. ఆయన ముందు మా పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు, ఆరనిచ్చేవారు, అప్పుడు తెరిచేవారు. 'కీప్' ఒక్కదానికే ఎన్ని నిలువు వరసలో! ఒక్కో వారం అర వరస చదివేవారు. అర్థం కానిచోట, "మాస్టారూ, ఇక్కడ ఏటంటన్నాడు?" అని వేలు పెట్టి చూపించేవారు.

ఒకరోజు మొదట్లో ఉన్న చిన్న అక్షరాల దగ్గర ఆగిపోయారు. నేను చదివి చెప్పాను. వెయ్యేళ్ళ కిందట ఈ మాట రాతలోకి వచ్చింది. అప్పటికి దాని అర్థం ఉంచుకోవడం కాదు, పట్టుకోవడం, కాచుకుని చూడడం, కనిపెట్టుకుని ఉండడం. ఆ తరవాత కాపాడడం వచ్చింది, పోషించడం వచ్చింది, మాట నిలబెట్టుకోవడం వచ్చింది, దగ్గర ఉంచుకోవడం వచ్చింది. కాని అసలు ఎక్కడ పుట్టిందో తెలియదు. ఇంగ్లిషు మాటలకి సాధారణంగా జర్మనులోనో, డచ్చిలోనో అక్కచెల్లెళ్ళు ఉంటారు. దీనికి ఎవరూ లేరు. మూలం తెలియదు అని రాసేశారు.

"ఇంత పెద్ద సంసారం ఉన్న మాటకి పుట్టిల్లు తెలీదా?" అని ఆయన నిఘంటువు మీద చెయ్యి పెట్టి అలా ఉండిపోయారు. "కనిపెట్టుకుని ఉండడం... అదండి మాస్టారూ నా ఉద్యోగం. ఇన్నాళ్ళకి తెలిసింది." ఆయన కళ్ళు తడిసినై. ఒక మాటను చూసి కళ్ళు తడవడం నాకెన్నడూ జరగలేదు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి నేను, తడిసినవి ఆయన కళ్ళు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అప్పుడే నాకు బుద్ధి పుట్టింది, నా పేరూ ఆ కార్డుల్లో ఎక్కాలని. ఎక్కడమేమిటి, అందరికంటే ఎక్కువ సార్లు ఎక్కాలి. రెండు రాత్రులు కూర్చుని 'కీప్' పెట్టి యాభై వాక్యాలు రాశాను. ఒకదాన్ని మించి ఒకటి నగిషీ చెక్కిన వాక్యాలు. ఆదివారం ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటే వేలు పెట్టి చదివారు, చదివి మడత పెట్టి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చారు.

"సాలా బాగున్నాయి మాస్టారూ. ఇందులో ఏదైనా ఎవుల్తోనైనా అన్నారేటి?"

"అనడమేమిటయ్యా? ఇవి ఉదాహరణలు."

"అదే మరి. ఇయి షోరూమ్‌లో సరుకు. నాను రాసుకునేది వాడిన సరుకు. ఎప్పుడైనా మీరు నిజంగా ఎవుల్తోనైనా అంటే సెప్పండి, ఆ రోజే కార్డు రాసేస్తాను."

ఆయన వెక్కిరించలేదు. వెక్కిరించడం తెలిసిన మనిషి కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కూలీకి ఉంది, కండక్టరుకి ఉంది, మా ఆవిడకి పదకొండు ఉన్నాయి. ఎమ్మే చదివిన నాకు ఒక్కటి లేదు. ఆ తరవాత ఎన్ని వారాలు ప్రయత్నించానో! ఆయన వచ్చే వేళకి పనిగట్టుకుని పాలవాడితో "కీప్" కలిపి మాట్లాడేవాణ్ణి. పాలవాడు తెల్లమొహం వేసేవాడు. ఆయన నవ్వి, "నాకోసం అన్నారు కదా మాస్టారూ, లెక్కలోకి రాదు" అనేవారు.

ఆ మాటకి మన వైపు ఉన్న పాడు అర్థం మీకు తెలిసిందే. ఫలానా ఆయన కీప్ అంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. ఆయన ఈ మాట మీద పని చేస్తున్నారని తెలిసి మన తెలుగువాళ్ళంతా చాటుగా నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, ఇంకొంచెం ఎక్కువే. కూరగాయల బజారులో ఒకావిడ ఉండేది, మన విజయనగరం వైపు మనిషే. ఒక రైసుమిల్లు గుమాస్తాకి ఆవిడ 'కీప్' అని చెప్పుకునేవారు. ఈయన నేరుగా ఆవిడ బండి దగ్గరికి పోయి, వంకాయలు ఏరుతూ, "అమ్మా, నిన్నలా అంటన్నారు. నీకేటనిపిస్తది?" అని అడిగారట. నేనైతే చెప్పుదెబ్బలు తిందును. ఆవిడ మాత్రం ముప్పావుగంట మాట్లాడింది. గుమాస్తాకి పక్షవాతం వచ్చి పదేళ్ళు, తన మొగుడు వదిలేసి పోయిన కొంపలో ఆ గుమాస్తాకి అన్నం పెట్టేదీ, మందులు కొనేదీ ఈవిడే. ఆ కార్డు నేను చూశాను. అడుగున రిమార్కు: "ఎవరు ఎవర్ని కీప్ చేస్తున్నారు? జనం మాట రిజెక్టు." ఆయన రిజెక్టు చేసినట్టు నేను చూసింది ఆ ఒక్కటే.

ఇక ఉగాది సంగతి చెప్పాలి. మా తెలుగు సంఘం హాల్లో పంచాంగ శ్రవణం, పిల్లల డ్యాన్సులు అయ్యాక సెక్రటరీగారికి ఎవరు చెప్పారో, మన స్టోర్ కీపర్ని మాట్లాడమన్నారు. ఇంగ్లిషు మీద మాట్లాడ్డానికి సంఘంలో నేనుండగా! ప్రతి ఉగాదికీ మాట్లాడేది నేనే. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓ ముప్పై కార్డులు దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుని వచ్చారు. మొదట అందరూ ముసిముసిగా నవ్వారు. ఆయన ఒక్కో కార్డు చదవడం మొదలుపెట్టారు. పేరు, ఎవరితో, ఏమన్నారు. హాల్లో ఉన్నవాళ్ళ పేర్లే సగం. పేరు రాగానే ఆ మనిషి లేచి నిలబడడం, చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు. ఒక ముసలాయన రెండుసార్లు లేచాడు. మా ఆవిడ పేరు రాగానే ట్యూషన్ పిల్లలంతా ఈలలు. ఆవిడ ముఖం చూశాను. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

నేను మూడో వరసలో కూర్చున్నాను, నా పేరు లేదు.

చివర్లో ఎవరో లేచి, "అసలీ మాట ఎక్కడ్నుంచి వచ్చిందండీ?" అన్నారు. ఆయన చెప్పగలరు, ఇద్దరం కలిసి చదివిందే కదా. చెప్పలేదు. నావైపు తిరిగి చేతులు జోడించి, "అది నాను సెప్పకూడదు. మా మాస్టారు సెప్పాలి" అన్నారు. నన్ను పిలిచి పీట వేశారన్నమాట. నేను స్టేజీ ఎక్కాను. తెలియదు అని చెప్పడానికి ఎక్కుతానా? మైకు పట్టుకుని, "సంస్కృతంలో 'గుప్' అనే ధాతువు ఉంది. రక్షించడం అని అర్థం. అదే పడమటికి పోయి కీప్ అయింది. ఇంగ్లిషువాడి కీపరు మన గోప్త!" అన్నాను. ఎక్కడా చదవలేదు. ఆ నిమిషంలో నోటికి వచ్చింది. హాలు దద్దరిల్లిపోయింది. సెక్రటరీగారు శాలువా కప్పారు. ఆ చప్పట్లలో అందరికంటే గట్టిగా కొట్టింది ఆయనే.

ఆ పై ఆదివారం పొద్దున్నే ఆయన మా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మా ఆవిడ గుడికి వెళ్ళింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మాస్టారూ! ఏ పుస్తకంలో దొరికిందండి గుప్పు? వెయ్యేళ్ళుగా ఎవులికీ దొరకలేదు కదా, మీకు దొరికిందంటే ఎంత పెద్ద సంగతి! వారం రోజులుగా నాకు నిద్దరలేదు. పుస్తకం పేరు సెప్పండి, కార్డు రాసుకుంటాను. మొదటి కార్డు మీ పేర్న."

ఆ మనిషి నమ్మారు. నిజంగా నమ్మారు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నన్ను పట్టుకోవడానికే వచ్చాడనుకున్నాను. రేపు సంఘంలో చెబుతాడు, మా ఆవిడకి చెబుతాడు అనుకున్నాను. ఇన్నేళ్ళ కుళ్ళు ఒక్కసారి నోట్లోకి వచ్చింది. తెలుగులో తిట్టి ఉంటే బాగుండేది. ఇంగ్లిషులో అన్నాను. "యూ కీప్ టు యువర్ స్టోర్" అన్నాను. నీ స్టోరులో నువ్వు పడి ఉండు, గీత దాటి రాకు అని. గేటు తియ్యలేదు. గేటు ఇవతల నుంచే అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు కొంచెం కదిలినై. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. తరవాత చేతులు జోడించి, "వొస్తాను మాస్టారూ" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ తరవాత ఆదివారాలు రాలేదు. మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగింది, అన్నయ్యగారు రావడం లేదేమని. పని ఎక్కువై ఉంటుందన్నాను. స్టీలు గ్లాసులో కాఫీ నాకే వచ్చింది కొన్నాళ్ళు. రుచిగా లేదు. ఏడాది గడిచింది. కొత్త రాష్ట్రం వస్తోందని ఊరంతా ఒకటే కబుర్లు, రాయపూరే రాజధాని అంటున్నారు. ఓ రోజు ఉదయం వరండాలో ఆయన గొంతు వినిపించింది. దగ్గు మధ్యలో మాటలు. మా ఆవిడ లోపలికి వచ్చి, "ఏవండీ, అన్నయ్యగారు వచ్చారు, చాలా చిక్కిపోయారు, రండి" అంది. నేను తువ్వాలు భుజాన వేసుకుని, "స్నానం చేస్తున్నానని చెప్పు" అని స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. స్నానం అంతకుముందే అయిపోయింది. బకెట్లోకి కుళాయి తిప్పి, పొడి బట్టలతో నిలబడ్డాను. చాలాసేపు ఆయన దగ్గు వినిపించింది. తరవాత ఆగిపోయింది. బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, తుడిచి ఉంది.

రెండు నెలల తరవాత నర్సమ్మ ఫోన్ వచ్చింది.

నేను పెద్ద ఎయిర్ బ్యాగు తీసుకుని బయల్దేరాను. నాలుగు వందల పైచిలుకు కార్డులు, చేతుల్లో ఎలా పడతాయి? ఆటోలో కూర్చుని లెక్కలు వేసుకున్నాను. మంచి కాగితం మీద ఎత్తి రాయాలి, ముందుమాట నేను రాయాలి, పుస్తకం మీద పేరు ఎవరిది ఉండాలి? సేకరణ ఆయనది అని లోపల ఓ పేజీలో వేస్తే చాలదా? ఆయన పోయి అప్పటికి మూడు రోజులు.

గది తలుపు నర్సమ్మ తీసింది. నాలుగు గోడల నిండా మేకులే. ఒక్కదానికీ కార్డు లేదు.

"ఏవి?" అన్నాను.

"అన్నీ ఇచ్చేశారు సార్. ఛాతీలో నీరని తెలిశాక మొదలుపెట్టారు. స్టోర్ కీపరు పోయేటప్పుడు చార్జి అప్పగించి పోవాలంట కదా. ఎవరికి అప్పగించాలి, వెనకా ముందూ ఎవరూ లేరు. అంచేత ఎవరి మాట వాళ్ళకే తిరిగి ఇచ్చేస్తానన్నారు. మీకు తెలుసు కదా ఆయన మొండితనం. ఆయాసపడుతూ ఊరంతా తిరిగారు. కండక్టరు కోసం ధర్సీవా బస్టాండులో ఓ రోజంతా కూర్చున్నారు సార్. కూరగాయలావిడకి ఇచ్చినప్పుడు ఆవిడ బజార్లోనే ఏడ్చేసింది. మీ ఇంటికీ వచ్చారు. మీరు స్నానంలో ఉన్నారంట."

"మరి నా పేరున అన్నావు?"

"మీది ఒక్కటే మిగిలిపోయింది. మీ చేతికే ఇవ్వాలి, వేరే వాళ్ళ చేతికి పోకూడదన్నారు."

దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. మాసిన కార్డు. నా పేరు, పక్కన గారు, దాని పక్కన ఎమ్మే. అన్న మాట: యూ కీప్ టు యువర్ స్టోర్. ఎవరితో అన్నారు: నాతో. రిమార్కు దగ్గర నల్ల ఇంకుతో, చాలా జాగ్రత్తగా రాసిన ఒక్క మాట ఉంది. పక్కా.

నర్సమ్మ అడిగింది, "మంచి మాటేనా సార్? నాకు చూపించలేదు." నేను మంచి మాటే అన్నాను. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆయన ఎలా పోయారని అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ ఖాళీ సంచి వైపు చూసింది. "మీకేం ఇచ్చారు?" అంది.

"ఏమీ లేదు. అన్నీ పంచేశాడట."

"అయ్యో! ఒక్కటీ లేదా?" అని ఆవిడ నిజంగా నొచ్చుకుంది. లోపలికి పోయి, పప్పుల డబ్బాల వెనక నుంచి ఓ కవరు తెచ్చింది. "నావి నాకు ఇచ్చేసి వెళ్ళారు ఆ రోజు. మీరు ఉడుక్కుంటారని చెప్పలేదు. ఇదిగో, ఇందులో ఒకటి మీ గురించే. ఇది మీరు ఉంచుకోండి."

చెప్పులు బయట పెట్టమన్నది కాదు, పెన్సిలుది కాదు. ఇది నేనెప్పుడూ చూడనిది, పన్నెండోది. గేటు దగ్గర నేనా మాట అన్నాక చాలా నెలలకి రాసింది. ఆవిడకి బజార్లో కనపడ్డారట. ఎందుకు రావడం లేదని నిలదీస్తే, మాస్టారికి కోపం వచ్చిందమ్మా అన్నారట, ఎందుకో చెప్పలేదట. అప్పుడు ఆవిడ అన్న మాట కార్డు మీద ఉంది: "రండి అన్నయ్యగారూ, మావారు కోపం మనసులో కీప్ చేసుకోరు."

"చూశారా, మిగతా అన్నిటికీ పక్కా అని రాశారు" అంది మా ఆవిడ, కార్డు అడుగున పెన్సిలు అక్షరాల మీద వేలు పెట్టి. "దీనికి మాత్రం ఇంకా ఇన్‌స్పెక్షన్ అనే ఉంది. పాపం, టైము చాలలేదు కాబోలు."

కాబోలు అన్నాను.